భూగోళ పరిశోధన యననేమి? ప్రాంతీయ ప్రణాళిక యననేమి?

(తల్లిదండ్రులకును, పై తరగతుల విద్యార్థులకును)

గత వేసవి సెలవులలో మన పాఠశాల పూర్వ విద్యార్థిని యొకతె తండ్రి నన్ను చూడవచ్చెను. ఆయన హోసూరు చెంత కెలవరపల్లి జలాశయపు కాలువ క్రింద మూడెకరములు సాగు చేసికొను రైతు. కుమార్తె కళాశాలలో భూగోళము ప్రధాన విషయముగా చదివి పట్టము పొందినది. ఇక ఎం.ఏ. చదివి, పిమ్మట పరిశోధన చేయుదునని పట్టుపట్టినది. ఆయన కూర్చుండి, మంచినీరు త్రాగి, మెల్లగా ఇట్లనెను:

"అయ్యవారూ, భూగోళం మేమూ బడిలో చదివినాము. నదులు, కొండలు, రాజధానులు. అవి ఈపాటికి మా పాపకు అన్నీ వచ్చు. ఇంకా ఏడేండ్లు చదవడానికి అందులో ఏముంది? అదీ గాక, తెలుగు బడిలో చదివిన పిల్ల అంత పెద్ద చదువు దాటగలదా?"

ఆయన ప్రశ్నలు రెండును న్యాయమైనవే. నేను తెలుగు బోధించువాడనే గాని భూగోళ శాస్త్రజ్ఞుడను గాను. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది ఈ సరిహద్దు పట్టణమునకు వచ్చినవాడను. ఆనాడు నేను సగము సమాధానమే చెప్పగల్గితిని. తక్కిన సగము తెలిసికొని ఇచ్చట వ్రాయుచున్నాను. ఈ ప్రశ్నలు మన యిండ్లలో మరి కొందరికిని కలుగునని నా తలంపు.

ఒకే నేల మీద మూడు గీతలు

రాజధానుల పేర్లు వల్లించుట భూగోళ శాస్త్రమునకు వాకిలి మాత్రమే. లోపల జరుగు పని వేరు. ఒక వస్తువు ఎచ్చట నున్నది, అచ్చటనే యేల యున్నది, దాని వలన ఎచ్చటివారికి ఏమి కలుగుచున్నది, అను మూడు ప్రశ్నలే ఆ శాస్త్రమునకు పునాది. మన యేటినే తీసికొని చూతము.

దక్షిణ పినాకిని యని మనమును, తెన్పెణ్ణై యని తమిళులును పిలుచు ఈ నది కర్ణాటకమున నంది కొండల ప్రాంతమున పుట్టును. హోసకోట మీదుగా బెంగళూరునకు తూర్పున దిగి, హోసూరు చెంత తమిళనాడు ప్రవేశించును. అచ్చట నుండి కృష్ణగిరి మీదుగా పోయి కడలూరు చెంత బంగాళాఖాతమున కలియును. ఇది 400 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. ఈ నదికి వాననీరు చేర్చు నేలనంతటిని చుట్టి ఒక గీత గీసినచో, దానిని పరీవాహక ప్రాంతమందురు. ఇది నీరు గీసిన గీత.

రెండవది ప్రభుత్వము గీసిన గీత. 1956 నవంబరు 1వ తేదీన రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు హోసూరు మదరాసు రాష్ట్రమునను, కోలారు మైసూరు రాష్ట్రమునను, కుప్పము ఆంధ్ర ప్రదేశమునను నిలిచినవి. జిల్లా గీతలు ఇంకను తరచుగ మారినవి. సేలము జిల్లాలో కట్టిన హోసూరు ఇల్లు, తానున్న చోటు కదలకయే, 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును చేరినది.

మూడవది మన రాకపోకలు గీసిన గీత. ఉప్పు, అగ్గిపెట్టె ఊరి అంగడిలోనే కొందుము. పెండ్లి బట్టలకు హోసూరు పోవుదుము. గుండెకు శస్త్రచికిత్స కావలసినచో బెంగళూరు పోవుదుము. అది 40 కిలోమీటర్ల దూరమున నున్నది. మన రాష్ట్ర రాజధాని చెన్నపట్టణము 300 కిలోమీటర్ల దూరమున నున్నది. చిన్న అవసరమునకు చిన్న ఊరు, పెద్ద అవసరమునకు పెద్ద ఊరు అను ఈ క్రమమును 1933లో వాల్టర్ క్రిస్టలర్ అను జర్మను పండితుడు దక్షిణ జర్మనీలోని పట్టణములను పరిశీలించి ఒక సిద్ధాంతముగా నిరూపించెను. మన అవ్వలకు తెలిసిన సంగతియే, కాని దానిని కొలిచి పటము మీద చూపుట ఆయన చేసిన పని.

ఈ మూడు గీతలును ఒకదానిపై నొకటి సరిగా పడవు. పడని చోటనే చిక్కులు పుట్టుచున్నవి. అచ్చటనే ప్రాంతీయ ప్రణాళిక యను శాస్త్రమునకు పని కలుగుచున్నది.

గీతలు కలియనిచో నేమగును?

బెంగళూరు నగరపు మురుగునీటిలో పెద్ద భాగము బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా ఈ నది పరీవాహకములోనికే దిగుచున్నది. 2015లో బెళ్లందూరు చెరువు మీది నురగ అంటుకొని మండినట్లు పత్రికలలో చదివి ఎల్లరును వింతపడిరి. మన కెలవరపల్లి యొద్ద జలాశయము నుండి నీరు విడిచినప్పుడు తెల్లని నురగ గుట్టలుగా లేచుట ఇటీవలి సంవత్సరములలో పెక్కు మారులు చూచితిమి. నురగను కలిగించువారు ఒక రాష్ట్రమున, దానిని భరించువారు వేరొక రాష్ట్రమున నున్నారు. బెంగళూరు మహానగర ప్రాంతమునకు ప్రణాళికలు వేయు సంస్థ యధికారము కర్ణాటకపు హద్దుతో ముగియును. నది అచ్చట ముగియదు.

మేలు కూడ ఇట్లే హద్దు దాటును. 1970లలో హోసూరున పారిశ్రామిక వాడ వెలసినది. తమిళనాడు భూమి యిచ్చినది. బెంగళూరు సామీప్యము దానికి బలమిచ్చినది. మన పొలముల గులాబీలు, కూరగాయలు ఆ నగరపు విపణికి పోవుచున్నవి. కావున పొరుగు నగరము మనకు శత్రువును గాదు, కేవల మిత్రమును గాదు. దానితో మనకు గల సంబంధము ఎట్టిదో లెక్క కట్టి చూపువారు కావలెను.

ఇతర చోట్ల ఇట్టి యత్నములు జరిగినవి. దామోదర నదికి రెండు రాష్ట్రములను కలిపి ఒకే సంస్థ యుండవలెనని 1948లో చట్టము చేసి దామోదర లోయ కార్పొరేషనును స్థాపించిరి. ఢిల్లీ చుట్టునున్న హర్యానా, ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్ జిల్లాలను నగరముతో గలిపి యోచించుటకై 1985లో పార్లమెంటు జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి చట్టమును చేసెను. దక్షిణమున, 1960లో వి.ఎల్.ఎస్. ప్రకాశరావు, ఎల్.ఎస్. భట్ అను భూగోళ శాస్త్రజ్ఞులు మైసూరు రాష్ట్రపు ప్రణాళికా ప్రాంతములను పరిశీలించి, జిల్లా హద్దులను సవరింపవలసిన యావశ్యకతను చర్చించిరి. హద్దులు దైవము గీసినవి గావు. పరిశీలించి విమర్శింపదగినవే యని అట్టి కృషి మనకు నేర్పుచున్నది.

1914లో మన దేశమునకు వచ్చి అనేక పట్టణములను కాలినడకన చూచిన పాట్రిక్ గెడ్డెస్ అను స్కాట్లాండు పండితుడు చాటిన సూత్రము ఒక్కటే: ముందు పరిశీలన, పిమ్మట ప్రణాళిక. వైద్యుడు నాడి చూడక మందు వ్రాయనట్లు, ప్రణాళికకర్త ఊరు చూడక గీత గీయరాదు. ఆ నాడి చూచుట నేర్పునదే భూగోళ పరిశోధనా శిక్షణము.

శిక్షణము ఎట్లు సాగును?

పట్టము పొందిన పిదప ఎం.ఏ. లేక ఎం.ఎస్సి. రెండు సంవత్సరములు. మదరాసు, బెంగళూరు, ఉస్మానియా విశ్వవిద్యాలయములందును, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమందును భూగోళ శాఖలు కలవు. ఇందు నేల రూపము, వాతావరణము, జనాభా, వ్యవసాయము, నగరములు, పటరచన, గణాంక శాస్త్రము, ఉపగ్రహ చిత్రములను చదువు విద్య మొదలగునవి నేర్పుదురు. ప్రణాళికనే వృత్తిగా గొనదలచువారికి ప్రణాళికా విద్యలో రెండేండ్ల స్నాతకోత్తర పట్టము వేరుగా నున్నది. ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఇందుకు పేరు గన్నది. అదే పేరిట విజయవాడలో 2008లో వేరొక విద్యాలయము వెలసినది.

దాని పైది పిహెచ్.డి. విశ్వవిద్యాలయ ధన సహాయ సంఘము 2022లో చేసిన నియమముల ప్రకారము దీనికి తక్కువలో తక్కువ మూడేండ్లు, సాధారణముగ ఎక్కువలో ఎక్కువ ఆరేండ్లు. స్త్రీలకు మరి రెండేండ్ల సడలింపును, 240 దినముల వరకు ప్రసూతి సెలవును గలవు. ప్రవేశించిన వెంటనే పరిశోధనా పద్ధతులు, పరిశోధనా నీతి మొదలగు పాఠములు కలవు. పిమ్మట ఒక మార్గదర్శకుని చెంత నొక సమస్యను చేపట్టి, పరిశీలించి, సిద్ధాంత గ్రంథము వ్రాసి, పండితుల యెదుట మౌఖిక పరీక్షలో తన మాటను సమర్థించుకొనవలెను.

పైకి ఇది నియమముల పట్టికవలె నుండును. లోపలి పని తెలియుటకు ఒక యుదాహరణము చెప్పెదను. మన రైతు కుమార్తెయే కెలవరపల్లి కాలువను గూర్చి పరిశోధింపబూనిన దనుకొందము.

మొదటి పాఠము, ప్రశ్న యడుగుట. "నది చెడిపోయినదా?" అనునది పరిశోధన ప్రశ్న గాదు, అది బాధ. "ఈ కాలువ క్రింది యూళ్లలో పదేండ్లుగా ఏ పంటలు తగ్గినవి, ఏవి హెచ్చినవి? ఆ మార్పునకు కారణము నీరా, ధరలా, కూలీల కొఱతయా?" అనునది పరిశోధన ప్రశ్న. బాధను ప్రశ్నగా మార్చుటకే కొన్ని మాసములు పట్టునని ఈ మార్గమున నడచినవారు చెప్పుదురు.

రెండవ పాఠము, పటము. భారత సర్వే శాఖ వారి పటములలో సాధారణముగ వాడబడు దానియందు ఒక సెంటీమీటరు భూమిపై 500 మీటర్లకు సమానము. ఆ పటమున మూడెకరముల పొలము రెండు మిల్లీమీటర్ల చుక్క మాత్రమే. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రమున ఒక్కొక్క గడి భూమిపై పది మీటర్ల చదరము. అదే పొలము అందు ఇంచుమించు 120 గడులుగా కనబడును. అది పచ్చగా నున్నదా, బీడుగా నున్నదా యని తెలిసికొనవచ్చును. మన దేశమును 1988లో ఐ.ఆర్.ఎస్.-1ఏ మొదలు ఇట్టి పనికి ఉపగ్రహములను పంపుచునే యున్నది.

మూడవ పాఠము, ఎవరిని అడుగవలెనో నిర్ణయించుట. బస్సు దిగిన చోట టీ కొట్టు దగ్గర కూర్చున్న పదిమందిని అడిగి వచ్చిన, అది టీ కొట్టు చరిత్ర యగును గాని కాలువ చరిత్ర గాదు. ఎగువ భూముల వారిని, నడిమి భూముల వారిని, నీరు చివరగా చేరు భూముల వారిని, సొంత భూమి లేని కౌలుదార్లను, కూలికి పోవు స్త్రీలను తగిన పాళ్లలో ఎంచుకొనవలెను. గణాంక శాస్త్రము ఇచ్చటనే అక్కఱకు వచ్చును.

నాలుగవ పాఠము, మాటను నమ్ముటయు, సరిచూచుటయు. "నీరు సరిపోవుచున్నదా?" అని క్రొత్తవారడిగినచో మర్యాదకు "ఆఁ, ఏదో సరిపోతుంది" అందురు. "పోయిన వేసవిలో ఏ మడిలో ఏ పంట వేసితిరి, ఎన్ని తడులు పెట్టితిరి?" అని యడిగినచో నిజము బయటపడును. ఆ మాటను ఉపగ్రహ చిత్రముతోను, గ్రామ లెక్కలతోను పోల్చి చూడవలెను. మూడును ఏకీభవింపనిచో తనకు నచ్చిన దానిని మాత్రము ఉంచుకొనరాదు. అదియే పరిశోధనా నీతి.

తెలుగు బడి పిల్లకు ఇది సాధ్యమా?

ఇక ఆ తండ్రి రెండవ ప్రశ్న. ఇందు ఇబ్బంది లేదని నేను చెప్పను. ఈ శాస్త్రమున గ్రంథములు అధిక భాగము ఇంగ్లీషుననే యున్నవి. సిద్ధాంత గ్రంథమును దాదాపుగ ఆ భాషయందే వ్రాయుదురు. కావున తొమ్మిదవ తరగతి నుండియే దినమునకు ఒక పుట ఇంగ్లీషు చదివి, దాని సారమును తెలుగున వ్రాసికొను అలవాటు కావలెను. గణితమును చూచి పారిపోరాదు.

కాని మనకు గల బలమును మనము తక్కువగా లెక్కించుచున్నాము. ఒక చిన్న మాట చూడుడు. తెలుగున "ఏరు" అనగా పారునీరు. తమిళమున "ఏరి" అనగా చెరువు. కన్నడమున చెరువును "కెరె" యందురు. దూరము నుండి వచ్చి, ఒక్క భాషయే తెలిసిన పరిశోధకుడు రైతు నోట "ఏరి" యను మాట విని, పటమున చెరువు బదులు వాగును గీసినచో, ఆ తప్పు అటుపై లెక్కలన్నిటిలోనికి పాకును. మన పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము విని పెరిగినవారు. వారికీ పొరపాటు కలుగదు. ఏ విశ్వవిద్యాలయమును రెండేండ్లలో నేర్పలేని విద్య వారికి ఊరకయే అబ్బినది.

ఇది నా భాషాభిమానము చేత చెప్పుచున్న మాట గాదు. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట కర్నల్ కాలిన్ మెకంజీ మైసూరు సీమను సర్వే చేసెను. ఆయనకు కుడిభుజమై నిలిచినవారు కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య యను తెలుగువారు. కొలతలు కొలుచుట మెకంజీకి తెలియును. ఊరివారిని పలుకరించి, శాసనములను చదివించి, కైఫీయతులను సేకరించుట పలు భాషలు తెలిసిన ఈ సోదరుల వలననే సాధ్యమయ్యెను. బొర్రయ్య 1803లో మరణించెను. లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. మెకంజీ 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరలు అయ్యెను. నాడు మనవారు సేకరించి యిచ్చిరి, ఇతరులు గ్రంథములు వ్రాసిరి. నేడు సేకరించువారే వ్రాయుటకు దారి తెరచియున్నది.

ఖర్చును, ఫలమును

ఖర్చు మాటయు దాచరాదు. జాతీయ అర్హతా పరీక్షలో ఉన్నత స్థానము పొంది జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ గెలిచినవారికి 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు వేతనముగ నిర్ణయించిరి. అది లభించినచో ఇంటిపై భారము తొలగును. కాని అది అందఱికిని లభింపదు. కావున ఎం.ఏ. రెండవ సంవత్సరముననే ఆ పరీక్షకు సిద్ధపడవలెను. రానిచో, ఎం.ఏ. తోనే ఉద్యోగము చేపట్టి, కొంత నిలదొక్కుకొని మరల పరిశోధనకు రావచ్చును. అది ఓటమి గాదు.

ఉద్యోగములు కళాశాలలందే గాక, పట్టణ ప్రణాళికా శాఖలలోను, నీటి వనరులు, విపత్తుల నివారణ చూచు సంస్థలలోను, పటములు తయారు చేయు ప్రైవేటు కంపెనీలలోను కలవు. అయినను చేతికి పట్టము రాగానే జీతము వచ్చునని యెవరును హామీ ఇయ్యలేరు. ఓర్పు గల యింటి పిల్లలే ఈ మార్గమున నిలువగలరు. అందుచేతనే ఈ వ్యాసమును పిల్లలకే గాక తల్లిదండ్రులకును వ్రాయుచున్నాను.

విద్యార్థులారా! మీరు అంతవరకు ఆగనక్కఱలేదు. ఒక పెద్ద కాగితముపై మీ ఊరి పటమును గీయుడు. వాననీరు ఏ వీధి నుండి ఏ వాగునకు, ఏ చెరువునకు పోవునో బాణపు గుర్తులతో చూపుడు. మీ ఇంటిలో ఒక వారమున కొన్న వస్తువులు ఏ యూరి నుండి వచ్చినవో గీతలు గీయుడు. మీ తాత, అవ్వలనడిగి, నేల రకములకు, నీటి వనరులకు గల పేర్లను మూడు భాషలలో ఒక నోటు పుస్తకమున వ్రాయుడు. మంచి పటములను మన పాఠశాల గోడపై తగిలింతము.

ఆ తండ్రి లేచి పోవుచు కడపటి ప్రశ్న యొకటి వేసెను: "అంతా అయినాక మా కాలువలో నీళ్లు బాగుపడతాయా, అయ్యవారూ?" పుస్తకము నీటిని కడుగదని నేను ఒప్పుకొంటిని. కాని ఏ నీరు ఎవరి పొలమున ఎంత నష్టము చేసినదో లెక్క లేనిచో, న్యాయమడుగుటకు మన చేతిలో నేమియు నుండదని చెప్పితిని. ఆయన ఔననలేదు, కాదనలేదు.

ఆ బాలిక ఎం.ఏ.లో చేరినది. దసరా సెలవులకు వచ్చినప్పుడు నోటు పుస్తకము చేతబట్టి గట్టున కూర్చుండి, నాలుగేండ్లుగా మూడెకరములలో ఏ మడిలో ఏ పంట వేసినది తండ్రినడిగి వ్రాసికొనెనట. మొన్న సంతలో కనబడి ఆయన నవ్వుచు ఇట్లనెను: "నా పొలం లెక్క నాకే సరిగా తెలియదని ఇన్నాళ్లకు తెలిసింది, అయ్యవారూ. పక్క పొలం వాళ్ల లెక్క కూడా రాసుకుంటానంటే, నేనే తీసుకుపోయి కూర్చోబెట్టినాను."